రెండో ట్రంపెట్ కుర్చీ

లాగోస్, ముషిన్
1970 ఫిబ్రవరి 22

మామయ్యకి కొబినా నమస్కరించి రాసేది,

క్షేమంగా చేరాను. మన బ్యాండులో ఉండే లాసిసి ఇల్లు పట్టుకోవడానికే రెండు రోజులు పట్టింది. అతను చెప్పిన వీధిలో లాసిసిలు ముగ్గురున్నారు, ముగ్గురూ తమకి సంగీతం వచ్చనే చెప్పారు. మన లాసిసి నన్ను చూసి ముందు పలకరించలేదు, నా చేతిలో పెట్టె వంక చూశాడు. మూత తీసి శాక్సోఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయాడు. పరదేశులంతా దేశం వదిలి పొమ్మని మన ప్రభుత్వం చాటినప్పుడు, భుజాన పిల్లనీ నెత్తిన మూటనీ పెట్టుకుని, మోయలేక దీన్ని మనింట్లో వదిలేసి పోయాడు కదా.

"మీ మామయ్య పంపాడా, నువ్వే తెచ్చావా?" అని అడిగాడు. మీరే పంపారన్నాను. "ఆ ముసలాడు నన్ను తిట్టని రోజు లేదు," అని కళ్లు తుడుచుకున్నాడు.

అప్పగించి వెంటనే వచ్చేద్దామనే అనుకున్నాను. కానీ ఇక్కడ యుద్ధం ఇప్పుడే ముగిసింది. హైలైఫ్ వాయించేవాళ్లలో సగంమంది యుద్ధం మొదట్లోనే తూర్పుకి పారిపోయారు, ఇంకా తిరిగి రాలేదు. వాళ్లు ఖాళీ చేసిన చోట కొత్తదేదో పుడుతోంది. కుర్రాళ్లు ఆఫ్రోబీట్ అంటున్నారు. గిటారు ఒక చిన్న ముక్కని పట్టుకుని వదలదు. అడుగున మన గంట దెబ్బ వినిపిస్తూనే ఉంటుంది గానీ డ్రమ్ముల నడక వేరు. లాసిసి వాయించే క్లబ్బులో ట్రంపెట్ మనిషికి జ్వరం. ఈస్టరు దాకా నన్ను ఉండమన్నారు.

మన బ్యాండులో నా ట్రంపెట్ కుర్చీలో మెన్సాని మాత్రం కూర్చోబెట్టకండి. వాడికి వ్యాను నడపడమే సరిగ్గా రాదు.

మీ మేనల్లుడు
కొబినా


సెకండీ
1970 ఏప్రిల్ 9

ఒరే కొబినా,

ఈస్టరు వచ్చింది, పోయింది కూడా. రైల్వే వాళ్ల క్లబ్బులో డాన్సుకి ఒక్క ట్రంపెట్‌తో వాయించాం. నేను ఒక ముక్క అడుగుతాను, నువ్వు జవాబు చెప్తావు, అదీ మన పద్ధతి. జవాబు చెప్పేవాడు లేకపోతే తనలో తాను మాట్లాడుకునే పిచ్చివాడిలా ఉంది నా పని. స్టేషను మాస్టరు భార్య వచ్చి, "ఇవాళ పాటలు ఏదో ఎదురుచూస్తున్నట్టున్నాయండీ," అంది. ఆవిడకి చెవులున్నాయి.

కొత్తదంటే నాకు భయం లేదురా. మా నాన్న కోటలో తెల్లవాళ్ల సిపాయిల కవాతు వెనక నడిచి ఇత్తడి వాద్యాలు నేర్చుకున్నాడు. ఆ కవాతుకి మన నడుముల ఊపు తగిలించాడు. నా కాలానికి అదే కోటూ టై కట్టుకుని డాన్సు హాల్లోకి వెళ్లింది. టికెట్టు కొనలేనివాళ్లు కంచె బయట నిలబడి, లోపలివాళ్ల దర్జా చూసి, హైలైఫ్ అని పేరు పెట్టారు. స్వాతంత్ర్యం వచ్చిననాడు దేశమంతా అదే మోగింది. నువ్వూ ఏదైనా నేర్చుకో. నేర్చుకున్నది ఇక్కడికి తెచ్చి కలుపు.

మీ అమ్మ, నా చెల్లెలు, పోతూ పోతూ నిన్ను నా చేతిలో పెట్టింది. మనది తల్లివైపు లెక్క. మెన్సా నా కొడుకే అయినా వాళ్లమ్మ ఇంటివాడు. నా తర్వాత ఈ వాద్యాలు, ఆ డొక్కు వ్యాను, లాంతర్ బాయ్స్ అన్న బ్యాండు పేరు, అన్నీ మేనల్లుడివే. అంటే నీవే. అందుకని దారి మర్చిపోకు.

అత్తయ్య నీకోసం ఎండు చేపలు దాచింది. పిల్లికి తెలిసిపోయింది. త్వరగా రా.

మామయ్య
క్వామెనా అర్హిన్


లాగోస్, ముషిన్
1973 జూలై 15

మామయ్యా,

మీ ఆరోగ్యం, అత్తయ్య ఆరోగ్యం ఎలా ఉన్నాయి? వస్తానని రాసి రాకపోవడం ఇది ఎన్నోసారో లెక్క పెట్టుకోకండి. పెళ్లి చేసుకున్నాను. పిల్ల పేరు మోరెనికే. ఇక్కడి అమ్మాయే, బట్టలు కుడుతుంది. మీరు లేకుండా చేసుకున్నందుకు తిట్టండి, పడతాను.

దీనితో ఒక రికార్డు పంపుతున్నాను. మా బ్యాండు మొదటి రికార్డు. రెండే పాటలు, ఒక్కో పక్క ఒక్కోటి. కంగారు పడకండి, ఇక్కడ పాట ఇలాగే ఉంటుంది. మనం మూడు నిమిషాల్లో చెప్పేసి సలాం కొట్టేవాళ్లం. ఇక్కడ జనం చెమటలు కారేదాకా ఆడాక గానీ పాడేవాడు నోరు విప్పడు. విప్పాక పోలీసులనీ పెద్దమనుషులనీ కడిగేస్తాడు. రెండో పక్క ట్రంపెట్లు వచ్చే చోటు శ్రద్ధగా వినండి. మీరేమంటారో అని కాచుకుని ఉంటాను. మీ మాట కన్నా నాకు ఇంకెవరి మాటా ఎక్కువ కాదు.

మీ
కొబినా


సెకండీ
1973 అక్టోబరు 2

కొబినా,

మీ దంపతులకి దీవెనలు. తిట్లు ఎదురుగా తిడతాను, ఉత్తరంలో తిడితే రుచి ఉండదు.

రికార్డు అందింది. మన దర్జీ ఇంట్లో అందరం కూర్చుని విన్నాం. పాట మొదలైంది. పొయ్యి మీద మొక్కజొన్న కెంకే ఉడికింది. వడ్డించారు, తిన్నాం, చేతులు కడుక్కున్నాం. పాడేవాడు ఇంకా నోరు తెరవలేదు. అత్తయ్య లేచి వెళ్లి చూసి, "సూది ఇరుక్కుందేమో చూడండి," అంది. దర్జీ నవ్వి నవ్వి మిషను మీద పడ్డాడు.

ట్రంపెట్లు వచ్చినప్పుడు లేచి నిలబడ్డాను. రెండోది నువ్వేనని ఊపిరి తీసిన చోటే తెలిసిపోయింది. ముక్క మధ్యలో ఊపిరి తీయకురా అని నీకు ఎన్నేళ్లు చెప్పాను.

పోలీసుల్ని తిట్టే పాటలు నాకు నచ్చవు. డాన్సుకి వచ్చినవాడు వాళ్లని మర్చిపోవడానికే వస్తాడు. ఇక్కడి కుర్రాళ్లూ అమెరికా సోల్ పాటల పిచ్చిలో ఉన్నారు. జుట్టు గంపలా పెంచి, వెడల్పాటి పంట్లాలతో నేల ఊడుస్తున్నారు. వాళ్లనీ, నిన్నూ చూస్తే నాకు ముసలితనం వచ్చినట్టుంది. మోరెనికేని తీసుకుని క్రిస్మస్‌కి రా.

మామయ్య


లాగోస్, ముషిన్
1974 జనవరి 20

మామయ్యకి,

క్రిస్మస్‌కి రాలేకపోయాను. సూది మాట మా బ్యాండులో చదివి వినిపించాను. అందరూ పడీ పడీ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. మూడేళ్లు పట్టింది ఆ రికార్డుకి. అందులో మీకు కనిపించింది నేను ఊపిరి తీసిన చోటొక్కటే.

అది కుర్చీల్లో కూర్చుని, కెంకే తింటూ వినే పాట కాదు. ఆడుతూ వినాలి. చెప్పినా మీకు ఎక్కదు, వదిలేయండి. నేర్చుకున్నది తెచ్చి కలపమని రాశారు. తెస్తే దర్జీ మిషను మీద పడి నవ్వాడు.

మాకు ఆడపిల్ల పుట్టింది. అమ్మ పేరే పెట్టాను, ఆబా.

కొబినా


సెకండీ
1978 ఆగస్టు 14

చిరంజీవి కొబినాకి మామయ్య దీవెనలు.

నాలుగేళ్లుగా నువ్వు రాసినవన్నీ పోస్టుకార్డులే. బాగున్నాం, బాగున్నారని తలుస్తాం, ఇంతే. నిన్నేమైనా అన్నానా అని అత్తయ్యని అడిగితే, "మీరు ఎవర్ని ఏమనలేదు గనక," అంటుంది.

నా ముందు పళ్లు రెండూ కదులుతున్నాయి. పై స్వరాలు పట్టలేకపోతున్నాను. ఇక్కడ చక్కెర లేదు, సబ్బు లేదు. ట్రంపెట్ మీటల్లో వేసే నూనె దొరక్క కిరోసిన్ వేస్తున్నాం. ఆ కంపుకి పెళ్లికూతుళ్లు ముక్కు మూసుకుంటున్నారు.

అసలు సంగతి చెప్తాను. మెన్సా అడిగాడు. ఎదురుగా అడగలేదు, అత్తయ్య చేత అడిగించాడు. "నాన్న తర్వాత ఇవన్నీ లాగోసులో ఉన్నాయనకి పోతాయి. ఆయన రాడు. పెద్దలు గదిలో పడేసి తాళం వేస్తారు. ఇన్నేళ్లూ ఆ వ్యాను తోసింది నేనే కదా," అన్నాడట. వాడి మాటలో తప్పేం లేదు.

నేను బతికుండగా వీటిని కొడుక్కి ఇవ్వాలంటే వారసుడు ఒప్పుకోవాలి. పెద్దల్ని కూర్చోబెట్టాను. మన ఇంటి పెద్ద ఎగ్యా బెంట్సిల్ ఏమన్నాడంటే, "కొబినాకి రాయి. సరేనంటే పద్ధతి ప్రకారం జిన్ సీసా పంపుతాడు. పెంచినందుకు కృతజ్ఞత, ఇక నా హక్కు వదులుకుంటున్నా అని దానికి అర్థం. మేం తాగితే పని అయిపోయినట్టే. కాదంటే మనిషన్నా రావాలి, కబురన్నా రావాలి."

నీ ఇష్టం. నేను అటూ ఇటూ ఏమీ చెప్పను. రెండో కుర్చీలో మాత్రం ఇప్పటిదాకా ఎవర్నీ కూర్చోనివ్వలేదు.

మామయ్య
క్వామెనా


లాగోస్, ముషిన్
1978 సెప్టెంబరు 9

మామయ్యా,

వద్దు. ఇవ్వకండి. నేను వస్తున్నాను.

మీ ఉత్తరం ఇప్పుడే చేతికొచ్చింది. చదువుతూనే చెప్పులు వేసుకున్నాను. ఎందుకంటే మీ ఉత్తరం రాకముందే, సోమవారం నాడు, చేపల వ్యాపారం చేసే ఆంటీ ఎఫువా చేతికి మీకోసం ఒక జిన్ సీసా ఇచ్చి పంపాను. అది ఆ సీసా కాదు మామయ్యా. చిన్నప్పుడు రైలు షెడ్డు వెనక మీరు నాకు నేర్పిన ముక్క, ఇంజను కూత కింద దాక్కుని వాయించేవాళ్లం చూడండి, దాన్ని మా కొత్త పాటకి ముందు పెట్టాను. లాగోసంతా ఇప్పుడు దాన్ని ఈల వేస్తోంది. ఆ ఆనందం పట్టలేక పంపాను. "మామయ్యకి కొబినా కృతజ్ఞత చెప్పాడను, పెద్దల ముందు పెట్టించు, అమ్మ పేరున నాలుగు చుక్కలు నేలకి వదలమను," అని ఎఫువాకి చెప్పాను. నా నోటితో నేనే చెప్పాను.

తంతి ఆఫీసుకి పరిగెత్తాను. లైన్లు తెగి ఉన్నాయన్నారు. పోస్టులో వేస్తే మూడు వారాలు. అందుకని టాకొరాడీ వెళ్తున్న లారీ డ్రైవరు చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. మీ చేతికే ఇవ్వమని ఒట్టు వేయించుకున్నాను.

సూది మాటకి ఇన్నేళ్లు ముఖం మాడ్చుకుని ఉన్నాను. ఇప్పుడు నాకు ఆ పట్టింపు లేదు. మొన్న సైనికులు క్లబ్బులో జొరబడ్డారు. లాసిసి చెయ్యి విరిగింది, ఇక శాక్సోఫోన్ పట్టుకోలేడు. ఈస్టరుకి మోరెనికేనీ పిల్లలనీ తీసుకుని వచ్చేస్తాను. వ్యాను, లెక్కలు, పెత్తనం అన్నీ మెన్సాకే ఉండనివ్వండి. నాకు మీ పక్కన ఆ కుర్చీ చాలు.

ఆ సీసా మూత తీయకండి.

మీ
కొబినా


సెకండీ
1978 సెప్టెంబరు 18

కొబినాకి,

నీ సీసా అందింది. నిన్న ఆదివారం పెద్దలంతా కూర్చున్నారు. "మామయ్యకి కృతజ్ఞత, పెద్దల ముందు పెట్టమన్నాడు, వాళ్లమ్మ పేరున కాస్త వదలమన్నాడు," అని ఎఫువా చెప్పగానే గదిలో అందరూ నీది పెద్ద మనసన్నారు. నేనూ అన్నాను. మెన్సా నేల మీద మోకరిల్లాడు. బెంట్సిల్ నీ పేరు చెప్పి పోశాడు, తాగాం.

వద్దంటావనుకున్నాను. నిజం చెప్తున్నానురా, నువ్వు ఆ ఉత్తరం చూసి మండిపడి పరిగెత్తుకొస్తావనే రాశాను. నాతో పోట్లాడతావు, నేను నాలుగు తిడతాను, నువ్వు ఉండిపోతావు అనుకున్నాను. నువ్వు ఒక్క ఉత్తరం ముక్కయినా రాయకుండా, ఒక్క ట్రంపెట్టయినా నాకుంచండి అనకుండా, సీసా కొని పంపావు. లాగోసు సంగీతం ముందు మన ఇత్తడి అంత తుక్కయిపోయిందా?

సరే. ఇచ్చినవాడివి నువ్వు, మంచి మనసుతోనే ఇచ్చావని నలుగురికీ చెప్తాను. మెన్సా నిన్ననే రెండో కుర్చీలో ఒక కుర్రాణ్ణి కూర్చోబెట్టాడు. బాగానే వాయిస్తున్నాడు.

క్వామెనా అర్హిన్


లాగోస్, ముషిన్
1978 అక్టోబరు 9

క్వామెనా అర్హిన్ గారికి,

డ్రైవరు తిరిగొచ్చాడు. నా ఉత్తరాన్ని పద్నాలుగో తేదీనే మీ చేతికి ఇచ్చానన్నాడు. మీరు తాగింది పదిహేడున. వద్దు, తాగకండి అని నేను రాసింది చదివి, మడిచి జేబులో పెట్టుకుని, సీసా మూత తీయించారన్నమాట. పైగా నేనే ఒక్క ముక్క రాయలేదని నన్నే దెప్పుతున్నారు.

కొడుక్కి ఇచ్చుకోవాలనుకుంటే ఇచ్చుకోండి. తండ్రి మనసు నాకు అర్థం కాదా? నా చేతి సీసాతో నా నోరు మూయించకపోతే సరిపోయేది. అమ్మ పేరున నేలకి వదిలిన చుక్కలకయినా సిగ్గుపడాల్సింది.

ఈస్టరుకి రావడం లేదు.

కొబినా


సెకండీ
1978 నవంబరు 6

నాన్నా కొబినా,

ఆ డ్రైవరు అబద్ధం ఆడాడు. వాడి లారీ ఇరుసు లోమె దగ్గర విరిగి రెండు వారాలు అక్కడే ఆగిపోయింది. నీ ఉత్తరం నాకు అందింది సెప్టెంబరు ఆఖరున. చెమటకి అక్షరాలు అలుక్కుపోయి ఉన్నాయి. వీధిలోనే నిలబడి చదివాను. అత్తయ్య వచ్చి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది.

వెంటనే బెంట్సిల్ దగ్గరికి వెళ్లాను. ఉత్తరం చదివి వినిపించాను. మళ్లీ పెద్దల్ని పిలిపించాను. "కాగితం కన్నా ముందు సీసా వచ్చింది. అడిగిందానికి అడిగినట్టే వచ్చింది. మేం తాగింది ఇప్పుడు కక్కలేం. ఇవాళ వెనక్కి తీసుకుంటే రేపు ఈ ఊళ్లో ఏ ఇంటి సీసాకి విలువుంటుంది?" అన్నాడు బెంట్సిల్. మిగతావాళ్లు తలలూపారు. నేను అరిచాను. డెబ్భయ్యేళ్ల బెంట్సిల్‌ని పట్టుకుని తాగుబోతూ అన్నాను. దానికి నాకు గొర్రె జరిమానా వేశారు. వాళ్లని ఒప్పించాకే నీకు రాద్దామని ఇన్నాళ్లూ ఆగాను.

మెన్సా మంచివాడే. "బావని రమ్మను, కుర్చీ ఇస్తాను," అంటున్నాడు. వాడు ఇచ్చే కుర్చీలో నువ్వు కూర్చోవని నాకు తెలుసు. అయినా రాస్తున్నాను, రా. నన్ను నమ్ము. నువ్వు నమ్మకపోతే నేను ఎవరి ముందు ప్రమాణం చేసి ఏం లాభం?

జవాబు రాయి. తిడుతూ అయినా రాయి.

మామయ్య


సెకండీ
1982 జూన్ 13

కొబినాకి,

ఈ ఉత్తరం కూడా మిగతావాటిలాగే ఎక్కడికి పోతుందో తెలియదు. నీ అడ్రసు మారిందేమో, మనసు మారలేదేమో. అయినా రాయకుండా ఉండలేను.

అత్తయ్య పోయింది. మార్చిలో. నీకు పేపర్లో వేయించిన ఫొటో పంపాను, అందిందా? ఆఖరి వారంలో నిన్ను తలుచుకుంది. "వాడు ఆ రికార్డు పంపినప్పుడు నేను ఆ మాట అనకుండా ఉండాల్సింది," అంది. ఊరికే అన్నావు, వాడికీ తెలుసు అన్నాను.

ఇక్కడ సైనికులు మళ్లీ గద్దెనెక్కారు. పొద్దుగూకితే వీధిలో మనిషి కనపడకూడదు. డాన్సులు లేవు, నాటకాలు లేవు, పెళ్లిళ్లు మధ్యాహ్నం ఎండలో జరుగుతున్నాయి. క్లబ్బులన్నీ తలుపులు బిగించాయి. రైల్వే క్లబ్బులో మేకలు కడుతున్నారు. మెన్సా కొన్నాళ్లు చూశాడు. తర్వాత వాద్యాలన్నీ కొండ మీద కొత్తగా పెట్టిన ప్రార్థన మందిరానికి ఇచ్చేశాడు. పాస్టరుకి ఓడల వాళ్లు తెలుసు, బదులుగా ఓడలో చోటు ఇప్పించాడు. మెన్సా ఇప్పుడు హాంబర్గులో ఉన్నాడు. అక్కడ మన కుర్రాళ్లు చాలామంది చేరారట. ఒక క్యాసెట్ పంపాడు. దాన్నీ హైలైఫ్ అనే అంటున్నాడు. మనిషి డ్రమ్ము వాయించడు, యంత్రం వాయిస్తుంది. పాడే గొంతు మాత్రం ఇంటిమీద బెంగపెట్టుకున్న గొంతు. అది యంత్రానికి రాదు కదా, వింటూ కూర్చున్నాను.

ఆదివారాలు ఆ మందిరానికి వెళ్తున్నాను. దేవుడి కోసం అనుకునేవు, ట్రంపెట్ల కోసం. మన పాత వరసల్లోనే దేవుడి మాటలు పెట్టి పాడుతున్నారు. జనం రుమాళ్లు తిప్పుతూ ఆడుతున్నారు. సంతోషమే. నేను వెనక బెంచీలో కూర్చుంటాను. నా పళ్లు ఊడిపోయాయి. ఎవరూ నన్ను వాయించమని అడగరు, అడిగినా వాయించలేను.

మామయ్య


అక్రా, లాబాడి దగ్గర శిబిరం
1983 ఫిబ్రవరి 11

మామయ్యా,

నేను ఈ దేశంలోనే ఉన్నాను. రేడియోలో వినే ఉంటారు, నైజీరియాలో ఉన్న మనవాళ్లందర్నీ జనవరి ఆఖరుకల్లా పొమ్మన్నారు. చేతికందినవి గళ్ల సంచుల్లో కుక్కుకుని బయల్దేరాం. సరిహద్దులో ఎన్ని వేలమందో చెప్పలేను. లారీ పైన పిల్లలకి చోటు కోసం నా ట్రంపెట్ డ్రైవరుకిచ్చాను. వాడు దాన్ని కారు హారన్‌లా ఊది నవ్వాడు. మోరెనికే కూడా వచ్చింది. ఆమెని ఎవరూ పొమ్మనలేదు. "నీకు చోటు లేనిచోట నాకేం పని?" అంది.

అత్తయ్య సంగతి మీ ఉత్తరంలో చదివాను. మీ ఉత్తరాలన్నీ చదివాను. ఇరుసు విరిగిన ఉత్తరం కూడా. మొదట నమ్మలేదు. తర్వాత నమ్మాను, అప్పటికి సిగ్గేసింది. సిగ్గుతో ఇంకో ఏడాది గడిచిపోయింది, అలా పేరుకుపోయింది.

ఇక్కడ శిబిరంలో పేర్లు రాసుకుని ఎవరి ఊళ్లకి వాళ్లని బస్సుల్లో పంపుతున్నారు. మీ ఊరు ఏదని అడిగితే వరసలోంచి పక్కకి వచ్చేశాను. సెకండీలో నాకేం ఉంది? నాదంటూ ఉన్నదానికి నేనే కృతజ్ఞత చెప్పి వదులుకున్నానని పెద్దలు తీర్పు చెప్పారు. ఇప్పుడు వట్టి చేతులతో, నలుగురం మీ గుమ్మంలో దిగితే, బెంట్సిల్ ఏమంటాడో వినపడుతూనే ఉంది. టెమాలో చేపల కోల్డ్ స్టోరేజీలో పనికి మనుషులు కావాలంటున్నారు. అక్కడికే వెళ్తాం.

మీరు క్షేమంగా ఉంటే చాలు. కొడుక్కి మీ పేరే పెట్టాను, ఎప్పుడూ రాయలేదు. క్వామెనా, ఏడేళ్లు.

మీ
కొబినా


సెకండీ
1983 మార్చి 3

కొబినా,

నీ ఉత్తరం చూసి నవ్వాను, ఏడ్చాను, మంచం దిగాను. మంచం దిగడం చిన్న విషయం కాదు. క్రిస్మస్ నుంచి కాళ్లు నీరు పట్టాయి. డాక్టరు నా ఛాతీ మీద చెవి పెట్టి విని, నాకేం చెప్పకుండా పక్కింటివాళ్లకి చెప్పి వెళ్లాడు.

ఇక్కడ తిండి లేదు. పొలాలన్నీ కార్చిచ్చుకి తగలబడిపోయాయి. కెంకే కోసం తెల్లారకుండానే వరస. అందరికీ మెడ కింద ఎముకలు బయటపడ్డాయి. అది ముందే చెప్తున్నాను, వచ్చాక నన్ను అనకూడదు.

నీ ఉత్తరం చూపించి పెద్దల్ని మళ్లీ పిలిపించాను. ఇంటికే పిలిపించాను, నేను నడవలేను గనక. బెంట్సిల్‌కి ఇప్పుడు కళ్లు కనపడవు గానీ నోరు అలాగే ఉంది. "కొబినా తన హక్కు వదులుకున్నాడు. సీసా తాగాం. ఈ ఇంట్లో వాడికేమీ లేదు," అన్నాడు.

"బ్యాండు వదులుకున్నాడు, ఒప్పుకున్నాను," అన్నాను. "నా శవాన్ని కూడా వదులుకుంటానని సీసా పంపాడా?"

పెద్దలంతా బెంట్సిల్ వైపు తిరిగారు.

"చెప్పు బెంట్సిల్. నేను పోతే శవపెట్టె తెచ్చేది కొడుకు. మెన్సా హాంబర్గు నుంచి మంచి పెట్టే పంపుతాడు. కానీ నన్ను ఆసుపత్రి ఐసు గదిలోంచి బయటికి తెచ్చేదెవరు? తలవైపు నిలబడేదెవరు? అందరికంటే ముందు మట్టి వేసేదెవరు?"

"మేనల్లుడు," అన్నాడు బెంట్సిల్.

"నేను దాన్ని మెన్సాకి ఇవ్వగలనా?"

"ఇవ్వలేవు. అది ఎవరికీ ఇచ్చేది కాదు."

"మరయితే కొబినాకి ఈ ఇంట్లో ఏమీ లేదని ఎలా అన్నావు?"

గుడ్డివాడు తడుముకుని నా మంచం కోడు పట్టుకున్నాడు. ఆఖరికి, "వాణ్ణి రమ్మను," అన్నాడు.

విన్నావుగా. ట్రంపెట్లు లేవు, కుర్చీలు లేవు, వ్యాను తుప్పుపట్టి పెరట్లో కోళ్లకి పనికొస్తోంది. నీకు ఇవ్వడానికి నేనొక్కణ్ణే మిగిలాను. అదీ చచ్చాకే నీదవుతుంది పద్ధతి ప్రకారం. ఆ పద్ధతిని నమ్ముకుని ఒకసారి మోసపోయాను. ఈసారి పెద్దలు లేకుండా, మధ్యలో ఎవరూ లేకుండా, నేనే అడుగుతున్నాను. శవం కోసం రాకు, దానికి చాలా మంది వస్తారు. నేనున్నప్పుడు రా. ముందు గది కడిగించాను. మీ నలుగురికీ సరిపోతుంది, నా మంచం పక్కకి జరిపితే.

టెమాకి వెళ్లకు.

మామయ్య